సూపర్‌ఛార్జర్ పెట్టాలనుకుంటున్నారా? ముందు కామ్ షాఫ్ట్ సంగతి తేల్చుకోండి

మూడేళ్ల కింద నా పాత మారుతి ఎస్టీమ్ కారుకు హెడ్ గాస్కెట్ పోయింది. ఎలాగూ హెడ్ విప్పుతున్నాం, ఏడాదిలో సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే యంత్రం, బ్లోవర్ అని కూడా అంటారు) కూడా పెడతాం, ఇప్పుడే పెద్ద కామ్ షాఫ్ట్ (ఇంజిన్ వాల్వ్‌లను తెరిచే కడ్డీ) వేసేస్తే మళ్లీ విప్పే ఖర్చు ఉండదని అనుకున్నాను. అమ్మినతను చూపించిన వాటిలో పెద్దది తీసుకున్నాను. డ్యూరేషన్ 280 డిగ్రీలు, లోబ్ సెపరేషన్ 106, వీటి అర్థం కింద చెబుతాను. వేసిన కొత్తలో నార్కట్‌పల్లి దాటి నకిరేకల్ వైపు హైవే మీద 4500 ఆర్‌పీఎం దాటగానే బండి లాగే తీరు చూసి చాలా సంతోషపడ్డాను. ఎండాకాలం వచ్చాక నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఏసీ వేస్తే ఇంజిన్ ఆగిపోవడం మొదలైంది. సరే, సూపర్‌ఛార్జర్ వచ్చాక కింది పికప్ అదే సర్దుకుంటుందని ఓపిక పట్టాను. అది వచ్చాక 6 పీఎస్‌ఐ బూస్ట్ (బ్లోవర్ పెంచే గాలి ఒత్తిడి) చూపించాల్సిన గేజ్ 4 దగ్గరే ఆగింది, సైలెన్సర్‌లో పటపటమని పేలుళ్లు, పెట్రోల్ మాత్రం నీళ్లలా తాగింది. బ్లోవర్ బాగానే ఉంది. తప్పు కామ్‌లో ఉంది. ఆ తప్పు ఇంకొకరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. మీ బండికి కంపెనీ కామ్ ఉండి, డబ్బు ఒక్క పనికే సరిపోతుందంటే కామ్ ముట్టుకోకండి, ఆ డబ్బు ఇంజెక్టర్లకు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూనింగ్‌కు, బ్లోవర్ నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు పెట్టండి. రోజూ నడిపే కార్లకు కంపెనీ వేసే కామ్‌లో డ్యూరేషన్ తక్కువ, ఓవర్‌లాప్ తక్కువ, ఐడ్లింగ్ నెమ్మది. తక్కువ బూస్ట్ సూపర్‌ఛార్జర్ కోరుకునేది కూడా దాదాపు ఇవే. కామ్ మార్చాల్సిన అవసరం నిజంగా ఉన్నది కామ్ లోబ్‌లు (వాల్వ్‌లను నొక్కే ఉబ్బెత్తు భాగాలు) అరిగిపోయిన వాళ్లకు, హెడ్ విప్పే పని ఎలాగూ ఉన్నవాళ్లకు, పైన 6000 దాటాక ఇంజిన్ ఊపిరాడక ఆగిపోతోందని ట్యూనింగ్‌లో తేలిన వాళ్లకు.

కామ్‌తో వచ్చే కార్డు మీద నాలుగు అంకెలు ఉంటాయి. లిఫ్ట్ అంటే వాల్వ్ ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటుందో అది. డ్యూరేషన్ అంటే క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) ఎన్ని డిగ్రీలు తిరిగేంతసేపు తెరిచి ఉంటుందో అది. ఇక్కడే చాలామంది మోసపోతారు, ఎందుకంటే డ్యూరేషన్‌ను రెండు రకాలుగా రాస్తారు. వాల్వ్ కొంచెం కదిలినప్పటి నుంచి లెక్కపెడితే 270 వచ్చే కామ్, 1 మి.మీ. లిఫ్ట్ దగ్గర నుంచి లెక్కపెడితే 230కి అటూ ఇటూగా వస్తుంది. ఒక కార్డులో మొదటి లెక్క, ఇంకో కార్డులో రెండో లెక్క పెట్టుకుని పోల్చితే ఏది పెద్దదో ఏది చిన్నదో తలకిందులవుతుంది. ఏ లిఫ్ట్ దగ్గర కొలిచారో అమ్మేవాళ్లను తప్పకుండా అడగండి, చెప్పలేకపోతే ఆ కామ్ కొనకండి. మూడోది లోబ్ సెపరేషన్, అంటే ఇన్‌లెట్ లోబ్ కొనకూ ఎగ్జాస్ట్ లోబ్ కొనకూ మధ్య కోణం, ఇది కామ్ డిగ్రీల్లో ఉంటుంది. నాలుగోది ఇన్‌లెట్ సెంటర్‌లైన్, అంటే పిస్టన్ పైకి చేరిన తర్వాత ఎన్ని క్రాంక్ డిగ్రీలకు ఇన్‌లెట్ వాల్వ్ పూర్తిగా తెరుచుకుంటుందో ఆ అంకె.

సూపర్‌ఛార్జర్ విషయంలో వీటన్నిటికంటే ముఖ్యమైన అంకె కార్డు మీద చాలాసార్లు ఉండదు. అది ఓవర్‌లాప్. ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోకముందే ఇన్‌లెట్ వాల్వ్ తెరుచుకోవడం మొదలవుతుంది, రెండూ కలిసి తెరిచి ఉండే ఆ కాసేపే ఓవర్‌లాప్. మామూలు ఇంజిన్‌లో పైన ఆర్‌పీఎం దగ్గర ఇది మేలు చేస్తుంది, బయటికి దూసుకెళ్లే పొగ తన వెనక కొత్త గాలిని లాక్కొస్తుంది. అందుకే రేసు కామ్‌లు లోబ్ సెపరేషన్ తగ్గించి ఓవర్‌లాప్ పెంచుతాయి. సూపర్‌ఛార్జర్ ఉన్న ఇంజిన్‌లో గాలిని లాగాల్సిన పని లేదు, వెనక నుంచి బ్లోవర్ నెడుతూనే ఉంటుంది. పైగా టర్బోకు ఉన్నట్టు ఎగ్జాస్ట్‌లో అడ్డంగా టర్బైన్ లేదు, కాబట్టి ఇన్‌లెట్ వైపు ఒత్తిడి ఎక్కువ, ఎగ్జాస్ట్ వైపు తక్కువ. రెండు వాల్వ్‌లూ తెరిచి ఉన్నంతసేపూ కొత్త గాలి, దానితోపాటు పెట్రోల్ కూడా, సిలిండర్‌లో ఆగకుండా నేరుగా సైలెన్సర్‌లోకి పోతుంది. బోరు మోటారు నడుస్తున్నా మడి గట్టు తెగితే ఎంత నీళ్లొచ్చినా చేను తడవదు, ఇదీ అంతే. అక్కడితో ఆగదు. బయటికి పోయిన ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూసి ఆక్సిజన్ సెన్సర్ మిశ్రమం పలచబడిందని అనుకుంటుంది, ఈసీయూ ఇంకా పెట్రోల్ పోస్తుంది, కాలని పెట్రోల్, సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని కాల్చేస్తుంది. నా బండి పెట్రోల్ తాగడానికి, ఆ పేలుళ్లకు కారణం ఇదే.

లెక్క సులువు, కాగితం మీద వేసుకోండి. ఇన్‌లెట్ డ్యూరేషన్, ఎగ్జాస్ట్ డ్యూరేషన్ కలిపి సగం చేయండి, అందులోంచి లోబ్ సెపరేషన్‌కు రెండింతలు తీసేయండి. నా మొదటి కామ్‌లో రెండు డ్యూరేషన్లూ 280, సగం చేస్తే 280, అందులోంచి 212 పోతే 68 డిగ్రీల ఓవర్‌లాప్. తర్వాత వేసిన కామ్‌లో ఇన్‌లెట్ 258, ఎగ్జాస్ట్ 264, లోబ్ సెపరేషన్ 114. కలిపి సగం 261, అందులోంచి 228 పోతే 33. సగం కంటే తక్కువకు వచ్చింది. అదే బ్లోవర్, అదే పుల్లీ, అదే బెల్టు పెడితే గేజ్ 6 దగ్గరికి చేరింది, పేలుళ్లు పోయాయి, ఐడ్లింగ్‌లో ఏసీ వేసినా ఇంజిన్ వణకడం లేదు.

రోజూ నడిపే కారుకు లోబ్ సెపరేషన్ 112 నుంచి 116 మధ్య చూడండి. 110 కంటే తక్కువ ఉన్నది ఎంత చవకగా వచ్చినా, ఎవరు ఎంత పొగిడినా వదిలేయండి. ఓవర్‌లాప్ మొత్తం పోవాలని కూడా కాదు, కొంచెం ఉంటేనే సిలిండర్‌లో మిగిలిన వేడి పొగ బయటికి పోతుంది, ఎగ్జాస్ట్ వాల్వ్‌కు కాస్త చల్లగాలి తగులుతుంది.

ఎగ్జాస్ట్ డ్యూరేషన్ ఇన్‌లెట్ కంటే 6 నుంచి 12 డిగ్రీలు ఎక్కువ ఉన్న కామ్‌లను బ్లోవర్ ఇంజిన్లకు ఎందుకు చెక్కుతారని చాలామంది అడుగుతారు. లోపలికి నెట్టడానికి బ్లోవర్ ఉంది, బయటికి నెట్టడానికి అలాంటి సాయం లేదు. మామూలు కంటే ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోల్ కాలినప్పుడు పొగ కూడా ఎక్కువే వస్తుంది, అదే చిన్న పోర్టులోంచి అది పోవాలంటే ఎగ్జాస్ట్ వాల్వ్ కాస్త ముందే తెరవాలి. అయితే మరీ ముందే తెరిస్తే పిస్టన్‌ను ఇంకా కిందికి నెట్టాల్సిన ఒత్తిడి వృథాగా పోతుంది, కాబట్టి చిన్న ఇంజిన్‌కు, 6 నుంచి 8 పీఎస్‌ఐ బూస్ట్‌కు, 6 డిగ్రీల తేడా చాలు.

ఇప్పుడు బ్లోవర్ ఏ రకమో తేల్చుకోండి, ఎందుకంటే కామ్ దాన్నిబట్టే మారుతుంది. ఈటన్ లాంటి రూట్స్ రకం, ట్విన్ స్క్రూ రకం ప్రతి చుట్టుకూ ఒకే కొలత గాలిని నెడతాయి, కాబట్టి 2000 ఆర్‌పీఎం నుంచే బూస్ట్ ఉంటుంది. నేను వాడింది పాత మినీ కూపర్ ఎస్ మీద వచ్చిన ఈటన్ ఎం45, చుట్టుకు 45 ఘనపు అంగుళాలు, అంటే దాదాపు 740 సీసీ. నా ఇంజిన్ 1298 సీసీ, ఫోర్ స్ట్రోక్ కాబట్టి ఒక చుట్టుకు మింగగలిగేది 650 సీసీ. బ్లోవర్‌ను క్రాంక్ కంటే 1.3 రెట్లు తిప్పితే అది నెట్టేది 960 సీసీ. ఇంజిన్ మింగలేక మిగిలిన ఆ తేడాయే గేజ్ మీద బూస్ట్‌గా కనిపిస్తుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పనిచేసిన వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, పుల్లీ సైజు మారిస్తే యంత్రం వేగం మారుతుంది, ఇక్కడా పద్ధతి అదే. ఇంకో విషయం, గేజ్ తగ్గిందంటే ప్రతిసారీ నష్టమని కాదు. మంచి కామ్ వల్ల ఇంజిన్ నిజంగా ఎక్కువ గాలి మింగినా గేజ్ తగ్గుతుంది, ఓవర్‌లాప్‌లో గాలి బయటికి పోయినా తగ్గుతుంది. మొదటిది లాభం, రెండోది నష్టం, గేజ్ ఒక్కదాన్నే చూస్తే తేడా తెలియదు. పికప్ పెరిగిందా, పెట్రోల్ ఖర్చు ఎలా ఉంది, సైలెన్సర్‌లో పేలుళ్లున్నాయా, ఇవన్నీ కలిపి చూడాలి.

రూట్స్ రకానికి చిన్న డ్యూరేషన్ కామ్ చాలు, మొదట చెప్పిన లెక్క ప్రకారం 250 నుంచి 264 వరకు. సెంట్రిఫ్యూగల్ రకంలో బూస్ట్ ఆర్‌పీఎంతో పాటు పైకి పోతుంది, కింద దాదాపు ఏమీ ఉండదు, పూర్తి బూస్ట్ రెడ్‌లైన్ (ఇంజిన్ దాటకూడని గరిష్ఠ ఆర్‌పీఎం) దగ్గరే. దానికి ఇంకొంచెం పెద్ద డ్యూరేషన్ పెట్టినా తప్పు లేదు, కానీ కింద బ్లోవర్ సాయం ఉండదు కాబట్టి కామ్ మరీ పెద్దదైతే ఊళ్లో బండి నడపలేరు. మన తిరుగుడు ఎలాంటిదో ఆలోచించండి. విజయవాడ హైవే మీద ఐదో గేర్‌లో 100 దగ్గర నా ఇంజిన్ దాదాపు 3000లో ఉంటుంది, పంతంగి టోల్ దగ్గర ఆగి మళ్లీ బయలుదేరాలి, మన్ననూరు దాటి శ్రీశైలం వైపు ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గేర్, మూడో గేర్. ఎక్కడా 6000 దాటే పని రాదు. రోజూ 2000 నుంచి 4500 మధ్య తిరిగే ఇంజిన్‌కు 7000 దగ్గర పనిచేసే కామ్ ఎందుకు?

ఇన్‌లెట్ వాల్వ్ ఎప్పుడు మూసుకుంటుందో కూడా లెక్క వేయండి. ఇన్‌లెట్ డ్యూరేషన్‌లో సగానికి సెంటర్‌లైన్ కలిపి 180 తీసేయాలి. నా కొత్త కామ్‌కు 129కి 112 కలిపితే 241, అందులోంచి 180 పోతే 61. అంటే పిస్టన్ కిందికి చేరి మళ్లీ పైకి వస్తుండగా 61 డిగ్రీల దగ్గర వాల్వ్ మూసుకుంటుంది, అసలు కంప్రెషన్ మొదలయ్యేది అక్కడే. ఈ అంకె పెరిగే కొద్దీ కింది ఆర్‌పీఎంలో కంప్రెషన్ తగ్గుతుంది, నాకింగ్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి పేలడం) కూడా కొంత తగ్గుతుంది, పికప్ కూడా పోతుంది. కొందరు నాకింగ్‌కు భయపడి కావాలనే ఆలస్యంగా మూసుకునే పెద్ద కామ్ వేస్తారు. నాకది నచ్చదు. నాకింగ్‌ను గాలి చల్లబరిచి, స్పార్క్ టైమింగ్ తగ్గించి ఆపాలి.

గాలి చల్లబరచడం మన దగ్గర చిన్న విషయం కాదు. మే నెలలో నల్గొండలో బయట 44 డిగ్రీలున్న రోజు, రూట్స్ బ్లోవర్ 6 పీఎస్‌ఐకి నొక్కితే, దాని సామర్థ్యం 55 శాతం అనుకుని లెక్కేస్తే గాలి 100 డిగ్రీలు దాటుతుంది. అంత వేడి గాలితో 9 దాటిన కంప్రెషన్ రేషియో ఉన్న ఇంజిన్‌ను ఇంటర్‌కూలర్ లేకుండా నడిపితే పిస్టన్లు పోతాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్ నాకింగ్‌ను బాగానే తట్టుకుంటుంది, కానీ అదే పనికి ఎక్కువ పోయాలి, ఇంజెక్టర్లు దానికి తగ్గట్టు ఉండాలి, పాత బండిలో రబ్బరు పైపులు కూడా మార్చాలి. జనవరిలో చల్లటి పొద్దున చేసిన ట్యూనింగ్‌ను నమ్ముకుని మేలో బండి తీయకండి. ట్యూనింగ్ ఎండలోనే చేయించండి.

కామ్ మార్చితే వాల్వ్ స్ప్రింగులు కూడా చూడాలి. బూస్ట్ ఇన్‌లెట్ వాల్వ్‌ను వెనక నుంచి తెరవడానికి నెడుతుంటుంది. 30 మి.మీ. వాల్వ్ విస్తీర్ణం దాదాపు 7 చదరపు సెంటీమీటర్లు, 7 పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటరుకు అర కిలో, మొత్తం మూడున్నర కిలోలు. కొత్త స్ప్రింగ్ దీన్ని తట్టుకుంటుంది, లక్ష కిలోమీటర్లు తిరిగి మెత్తబడ్డది పైన ఆర్‌పీఎంలో తట్టుకోలేకపోవచ్చు. లిఫ్ట్ పెరిగితే స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి తగలకుండా, పూర్తి లిఫ్ట్ దగ్గర మొత్తం కలిపి కనీసం 1.5 మి.మీ. ఖాళీ మిగలాలి. పాత కామ్‌నే మళ్లీ చెక్కించుకునేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. లోబ్ కింది గుండ్రటి భాగం చిన్నదవుతుంది కాబట్టి లిఫ్ట్ పెరుగుతుంది, కానీ రాకర్ (లోబ్ కదలికను వాల్వ్‌కు అందించే చేయి) కూర్చునే కోణం మారుతుంది, గ్యాప్ సర్దే టాపెట్ స్క్రూను వాల్వ్ వైపు ఎక్కువ దించాల్సి వస్తుంది. చెక్కాక గట్టిదనం కోసం మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ చేశారో లేదో అడగండి. లేకపోతే కొన్ని వేల కిలోమీటర్లకే లోబ్ అరుగుతుంది.

మీ ఇంజిన్‌లో రెండు కామ్ షాఫ్టులుంటే మీకో సౌకర్యం ఉంది. సర్దుకోగల కామ్ పుల్లీలు వేసుకుంటే ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ విడివిడిగా తిప్పి లోబ్ సెపరేషన్ మార్చుకోవచ్చు. ఒకే కామ్ ఉన్న ఇంజిన్‌లో ఆ కోణం చెక్కినప్పుడే ఖాయమైపోతుంది, కాబట్టి కొనేటప్పుడే జాగ్రత్త పడాలి. వీవీటీ (నడుస్తుండగానే కామ్ టైమింగ్ మార్చే ఏర్పాటు) ఉన్న కొత్త బండ్లలో కామ్ మార్చకుండా, బూస్ట్ వచ్చినప్పుడు ఓవర్‌లాప్ తగ్గేలా ఈసీయూలో సర్దించుకోవడం మేలు.

బ్రేకుల మాట మరిచిపోకండి. కామ్ పెద్దదైతే ఐడ్లింగ్‌లో వాక్యూమ్ తగ్గుతుంది, బ్రేక్ బూస్టర్ ఆ వాక్యూమ్ మీదే పనిచేస్తుంది. మామూలు కారులో 18 అంగుళాల (పాదరసం లెక్కలో) దగ్గర ఉండే వాక్యూమ్ 10, 12కు పడిపోతే పెడల్ రాయిలా గట్టిపడుతుంది. నాకు ఘాట్ దిగేటప్పుడు అలా అయింది, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఒక వాక్యూమ్ గేజ్ కొని, కామ్ మార్చకముందు ఎంత ఉంది, మార్చాక ఎంత ఉంది అని రాసుకోండి.

బిగించే రోజు తొందరపడొద్దు. టైమింగ్ గుర్తులు కలిశాయి కదా అని మెకానిక్ బెల్టు వేసేస్తానంటాడు, "అన్నా, ఒక్క గంట ఆగు, డిగ్రీ వీల్ పెట్టి చూద్దాం" అని అడగండి, ఏమీ అనుకోడు. డిగ్రీలు గీసిన ఆ చక్రాన్ని క్రాంక్‌కు బిగించి, పిస్టన్ స్టాప్‌తో అసలు టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు) కనుక్కుని, ఇన్‌లెట్ వాల్వ్ మీద డయల్ గేజ్ పెట్టి, పూర్తి లిఫ్ట్‌కు 1.25 మి.మీ. ముందు ఒక రీడింగ్, దాటాక 1.25 మి.మీ. దగ్గర ఇంకో రీడింగ్ తీసుకోండి. అవి 70, 154 అయితే కలిపి సగం 112, అదే మీ సెంటర్‌లైన్. కార్డుతో రెండు డిగ్రీలకు మించి తేడా ఉంటే పుల్లీ సర్దాలి. హెడ్ స్కిమ్మింగ్ (హెడ్ అడుగు భాగాన్ని చెక్కి చదును చేయడం) చేయించి ఉంటే తేడా తప్పకుండా వస్తుంది. పిస్టన్ మీద పిల్లలు ఆడుకునే బంకమట్టి కొంచెం అతికించి, హెడ్ పెట్టి, చేత్తో రెండు చుట్లు తిప్పి, హెడ్ తీసి మట్టిని కోసి మందం కొలవండి. ఇన్‌లెట్ వైపు కనీసం 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. ఉండాలి, ఎందుకంటే వేడికి ఎగ్జాస్ట్ వాల్వ్ ఎక్కువ సాగుతుంది.

బండి మార్పుల మీద మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది. ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా మారే పని చేయకూడదని అది చెబుతుంది. బ్లోవర్ కొనకముందే ఆర్టీఏ ఆఫీసులో, బీమా వాళ్ల దగ్గర అడిగి తెలుసుకోండి. యాక్సిడెంట్ అయ్యాక క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడకూడదు.

రోలర్ లేని రాకర్లయితే లోబ్‌ల మీద అసెంబ్లీ లూబ్ బాగా రాయండి, జింక్ ఎక్కువున్న ఆయిల్ పోయండి, స్టార్ట్ అయిన వెంటనే ఐడ్లింగ్‌లో వదలకుండా 2000 నుంచి 2500 మధ్య ఇరవై నిమిషాలు నడపండి, కామ్ మీదికి ఆయిల్ బాగా చిమ్మేది ఆ ఆర్‌పీఎంలోనే. తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చి, బ్లోవర్ బెల్టు లేకుండానే 500 కిలోమీటర్లు తిప్పండి. ఇంజిన్ రాత్రంతా చల్లారాక టాపెట్ గ్యాప్ మళ్లీ చూసి, కార్డు ప్రకారం ఉంటేనే బ్లోవర్ బెల్టు ఎక్కించండి.